వంద మీటర్ల తిన్నె

"ఎత్తు వంద మీటర్లు ఉంటుందండీ. తక్కువ చెబుతున్నానేమో కూడా," అన్నాడు లోత్ఫీ, గోడ మీది ఫొటో వైపు చెయ్యి చూపిస్తూ.

సూస్ పట్టణంలో కెమెరా క్లబ్బు వార్షిక ప్రదర్శన జరుగుతోంది. ఆ ఫొటోలో ఒకే ఒక్క ఇసుక తిన్నె. కత్తి అంచులాంటి శిఖరం, ఒకవైపు బంగారు రంగు వెలుగు, మరోవైపు చిక్కటి నీడ. ఒక్క అడుగుజాడ లేదు. మొదటి బహుమతి దానికే వచ్చింది. జనం లోత్ఫీ చుట్టూ మూగిపోయారు. ఆయనకు గొప్పలు చెప్పుకోవడానికి జనం ఉంటే చాలు, భోజనం కూడా అక్కర్లేదు.

వెనక వరుసలో ఓల్ఫా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ ఫొటో తీసింది ఆమె.

ఇది మొదటిసారి కూడా కాదు. రెండేళ్ల కిందట క్లబ్బు వాళ్లంతా దక్షిణాన ఉప్పు సరస్సుకు వెళ్లారు. ఓల్ఫా తన తండ్రిని వెంటబెట్టుకెళ్లింది. తెల్లవారుజామున ఆ తెల్లటి ఉప్పు మీద ఒంటరిగా నడిచిపోతున్న తండ్రిని వెనక నుంచి ఫొటో తీసింది. మరుసటి నెల ఆయన పోయాడు. క్లబ్బు కోసం కాపీ చేసిస్తానని కెమెరా కార్డు తీసుకున్న లోత్ఫీ, దాన్ని ఖాళీగా తిరిగిచ్చాడు. అప్పట్నుంచీ ఆ ఫొటో క్లబ్బు వాళ్ల ఇదే హాల్లో గుమ్మం పక్కన వేలాడుతోంది. కింద లోత్ఫీ పేరు. శీర్షిక 'ఎవరో బాటసారి'.

కన్నతండ్రి ఎవరో బాటసారి అయిపోయాడు.

అప్పట్లోనే క్లబ్బు అధ్యక్షురాలు సల్వా దగ్గర మొరపెట్టుకుంది.

"రుజువుందా తల్లీ? ఒకే చోట పదిమంది తీస్తారు," అంది సల్వా. "అతను ఒక్క ఫొటో కాజేశాడని రుజువు చెయ్యి. ఈ గోడల మీదున్న అతని పేర్లన్నీ నా చేత్తో నేనే పీకేస్తాను."

ఓల్ఫా ఆ మాట గుర్తుపెట్టుకుంది. గొడవ పడలేదు. లోత్ఫీ ఎదురైనప్పుడల్లా నవ్వుతూ "గురువుగారూ" అని పలకరించింది. లోపల మాత్రం పళ్లు నూరుతూనే ఉంది.

పోయిన ఆగస్టులో, ఎండ ఏటవాలుగా పడే వేళ, ఈ తిన్నె ఆమెకు దొరికింది. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి తీసింది. మర్నాడే లోత్ఫీకి, ఆయన ఒక్కడికే, పంపింది. లోపాలేమిటో చెప్పండి గురువుగారూ అని రాసింది.

"పెద్ద సైజులో పంపు, చూసి చెబుతా," అన్నాడాయన. పంపింది.

"పోటీకి పనికిరాదమ్మాయ్. నవ్వుతారు. చెరిపేసెయ్."

"చెరిపేశానండీ," అని జవాబిచ్చింది ఓల్ఫా. ఇక ప్రదర్శన కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

"ఎక్కడ తీశారు లోత్ఫీ గారూ?" అని ఎవరో అడిగారు.

"ఎడారి అంచున దూజ్ ఊరు దాటి రెండు రోజులు ఒంటె మీద పోవాలి. నీళ్లయిపోయాయి. దారి చూపించేవాడు వెనక్కి పోదామని ఏడుపు. నువ్వు ఒంటె సంగతి చూసుకో, తిన్నె సంగతి నేను చూసుకుంటానన్నాను."

అందరూ నవ్వారు. ఓల్ఫా జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది.

"దాని మీదికి ఎక్కారా గురువుగారూ?"

"ఎక్కకుండా వస్తానా? ముందు ఫొటో, తర్వాత ఎక్కడం. మోకాళ్ల దాకా దిగబడిపోయాను. చెప్పుల్లోంచి కాళ్లు కాలిపోయాయంటే నమ్ము. వారం దాకా ఏం తిన్నా నోట్లో ఇసుకే."

"మేమూ వెళ్తే చూడొచ్చా?"

"ఇంకెక్కడి తిన్నె? ఆ గాలికి మర్నాటికే ఉండదు. దాన్ని కళ్లారా చూసిన మనిషిని నేనొక్కణ్ణే."

ఓల్ఫా తృప్తిగా తలూపింది. రెండేళ్లుగా ఆమె ఎదురుచూసింది ఈ మాటల కోసమే. సల్వా వైపు తిరిగింది.

"మేడమ్, ఈ ఫొటో నాది."

అందరూ ఆమె వైపు తిరిగారు. లోత్ఫీ ఒక్కడే నవ్వాడు.

"మళ్లీ మొదలెట్టింది. అప్పుడూ ఇదే పాట. పాపం, తండ్రి పోయాక మనసు కుదురుగా లేదు ఈ పిల్లకి."

ఓల్ఫా ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు.

"ఈసారైనా రుజువుందా?" అడిగింది సల్వా.

"ఉంది మేడమ్. అదే చోట, అదే నిమిషంలో, రెండడుగులు వెనక్కి జరిగి ఇంకోటి తీశాను."

"జరిగితే ఏమవుతుంది?" అన్నాడు లోత్ఫీ. "ఒక తిన్నె పక్కన ఇంకో తిన్నె కనిపిస్తుంది. ఎడారిలో ఇంకేముంటుంది? చూపించమనండి, చూద్దాం."

గుమ్మం పక్కనున్న తండ్రి ఫొటో వైపు ఒక్కసారి చూసి, ఓల్ఫా తన ఫోన్‌ను హాల్లోని పెద్ద తెరకు కలిపింది.

తెర మీద అదే తిన్నె, అదే నీడ, అదే కత్తి అంచు కనిపించాయి. వాటి పక్కనే, ఏడాదికి సరిపడా కుస్‌కుస్ చేసుకోవడానికి మేడ మీద దుప్పటి పరిచి పోసిన ఆ గోధుమ రవ్వ కుప్పలోకి గిన్నె ముంచబోతున్న ఓల్ఫా వాళ్లమ్మ చెయ్యి, తిన్నెకు రెండింతలుంది.