కళ్లు ఆర్పండి

"కళ్లు ఆర్పండి," అంది ఫోను తొమ్మిదోసారి.

ఆమె ఆర్పలేదు.

టైలరు ఫోను దించి భార్యవైపు చూశాడు. ఆమె కూడా అతనివైపే చూస్తోంది. ముప్పయ్యేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసి, వార్డంతటినీ కళ్లు మూసుకుని పడుకోమని కసిరిన మనిషి. ఇప్పుడు ఒక్కసారి రెప్ప వేసి తీస్తే చాలు. అది ఆమె వల్ల కాదు.

ఈ రెండు గదుల క్వార్టరు ఆమె పేరున ఉంది. రిటైరైన నర్సులు క్వార్టర్లను వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నారని ఆస్పత్రి ఆఫీసువాళ్లు ఒక పద్ధతి పెట్టారు. నెలకోసారి, చెప్పిన రోజు సాయంత్రం అయిదు లోపల, ఆమె ముఖం ఫోనులో చూపించాలి. లేకపోతే మర్నాడు పొద్దున్నే తాళం పట్టుకుని మనుషులొస్తారు. ఇవాళే ఆ రోజు.

పోయిన నెలదాకా ఇబ్బంది లేదు. కదలకుండా ముఖం చూపిస్తే సరిపోయేది. మొన్న ఫోను ఏదో అప్‌డేట్ అంది. టైలరు సరే అని నొక్కాడు. దాంతో వచ్చింది ఈ తంటా.

పక్క క్వార్టరు ఆయా గుమ్మంలోంచి తొంగిచూసింది.

"అయిందా అన్నయ్యా?"

"లేదమ్మా. కళ్లు ఆర్పమంటోంది."

"మాది పాత ఫోను, దానికా గోల లేదు. దీన్ని కూడా మళ్లీ పాత వెర్షనుకి దించుతారంట. ఈ చుట్టుపక్కల మాత్రం వద్దు. కాస్త దూరంగా చేయించు."

టైలరు చొక్కా వేసుకున్నాడు. "ఇప్పుడే వస్తా," అన్నాడు భార్యతో.

నాలుగు స్టాపుల అవతల దొరికింది రిపేరు షాపు. రిపేరతను బట్టతల మనిషి. చేతులకన్నా నోరు ఎక్కువ పనిచేస్తుంది.

"అందరూ కొత్తది వెయ్యమంటారు బాబాయ్. మీరేంటి, వెనక్కి పోదామంటారు?"

"కొత్తది కళ్లార్పమంటోంది."

"ఆర్పండి. మనకేం పోయింది?"

"నాకు కాదు. మా ఆవిడకి."

రిపేరతను తలెత్తాడు. "పక్షవాతమా?"

టైలరు బల్లమీది స్క్రూలను చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యో. పోనీ, సాయంత్రం నేనే ఇంటికొస్తా. ఇద్దరం కలిసి నెమ్మదిగా చేయిద్దాం."

"వద్దు." మాట కాస్త గట్టిగానే వచ్చింది. టైలరు గొంతు తగ్గించాడు. "అయిదు దాటితే ఇల్లు పోతుంది నాయనా. పాతది వేసెయ్."

"సరే సరే. ఆవిడేమైనా కోప్పడుతుందా ఏంటి, అంత కంగారు?"

"ఏమీ అనదు."

"అదృష్టవంతులు. మా ఇంట్లో ఫోను ఛార్జి అయిపోతుంది గానీ మా ఆవిడకి అయిపోదు."

కేబులు చేతిలోకి తీసుకుని ఆగాడు. "ఒక్క మాట. పాతది వేస్తే లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫొటోలు, వీడియోలు, మొత్తం. ముందు కాపీ తీద్దామంటే పోర్టు అరిగిపోయి ఉంది, దానికే గంటన్నర పడుతుంది."

గోడ గడియారంలో మూడు దాటింది.

టైలరు ఫోను తీసుకుని ఫొటోలు తెరిచాడు. సూదిలో దారం ఎక్కించలేక అతన్ని తిడుతున్న ఆమె. బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆమె. తియ్యొద్దని చెయ్యి అడ్డం పెట్టిన ఆమె. వేలితో జరుపుతూ పోయాడు. అవి ఎంతకీ అయిపోలేదు.

"మనిషి ఇంట్లోనే ఉందిగా బాబాయ్," అన్నాడు రిపేరతను. "మళ్లీ తీసుకోవచ్చు."

టైలరు ఫోను అతని చేతిలో పెట్టాడు. "కానివ్వు."

తెరమీద తెల్లగీత పాకడం మొదలైంది. డెబ్బై దగ్గర ఆగిపోయింది. రిపేరతను మాట్లాడటం మానేశాడు.

"ఇట్లాగే ఉండిపోతే?"

"ఇంక ఈ ఫోను దేనికీ పనికిరాదు. కేబులు మాత్రం కదపకండి."

టైలరు బల్లమీంచి చేతులు తీసేసి స్టూలుమీద కూర్చున్నాడు. పదిహేను నిమిషాలు. ఇరవై. గీత కదిలింది.

ఆఫీసు యాప్ ఎక్కించి ఇచ్చేసరికి నాలుగు పది.

"ఇంకోసారి అప్‌డేట్ అంటే సరే అనకండి. సరేగానీ, వచ్చే నెల ఆఫీసువాళ్లు పాతవాటిని కూడా ఆపేస్తే?"

"వచ్చే నెల సంగతి వచ్చే నెల," అన్నాడు టైలరు.

బస్సు రెండు స్టాపులు నడిచి ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. దిగి, మిగతా దూరం నడిచాడు. నడక కాదది, పరుగూ కాదు. ఇంట్లో అడుగుపెట్టేసరికి పదే నిమిషాలున్నాయి.

కుర్చీని కిటికీ దగ్గరికి లాగాడు. ఆమెను తెచ్చి కూర్చోబెట్టాడు. పైపంచెతో ముఖం తుడిచాడు. ఎండ పడి మెరుస్తుంటే కర్టెను సగం వేశాడు. ఎదురుగా నేలమీద మోకరిల్లి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"కదలకండి," అంది ఫోను.

ఆమె కదల్లేదు. అతని చెయ్యే కదిలింది. మళ్లీ మొదటికొచ్చింది.

"కదలకండి."

ఈసారి మోచేతులు కుర్చీ అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టాడు. ఫోను ఆమె ముఖం చుట్టూ ఒక గుండ్రటి గీత గీసింది. గీత తిరిగింది, తిరిగింది.

అయిదుకి రెండు నిమిషాలుండగా పచ్చ టిక్కు పడింది.

టైలరు తల కుర్చీకి ఆనించాడు.

"ఈ నెలకి ఇల్లు మనదే," అన్నాడు ఆమెతో.

తర్వాత లేచి, ఆమెను రెండు చేతులా ఎత్తి, గోడకున్న మేకుకి మళ్లీ తగిలించాడు.