ఇడిసిపోత ఊరా

మునీలాల్ సంచీ సర్దుకుంటుంటే లక్ష్మయ్య పాట అందుకున్నాడు.

“నిన్నిడిసి పోత ఊరా, నీ దూపకో దండం, నీ దుమ్ముకో దండం...”

ఆ పాట ఇద్దరు పాడాలి. ఒకరు ఊరిని తిట్టి పోతానంటే, రెండోవాళ్లు ఊరి తరఫున జవాబు చెప్పాలి. “పోయి సూడు కొడుకా, నన్నిడిసి యాడుంటవ్?” నాట్లప్పుడు లక్ష్మయ్య ఒక గట్టు మీద, తమ్ముడు పాపయ్య ఇంకో గట్టు మీద నిలబడి పాడేవారు. తర్వాత పొలం పంపకాల్లో మాటామాటా పెరిగింది. “మీ ఊరు మీరే ఏలుకోండి. నా మొఖం ఇగ సూడరు” అని లక్ష్మయ్య కట్టుబట్టలతో వచ్చి ఈ బియ్యం మిల్లులో పడ్డాడు. మనిషికి గొంతూ పెద్దదే, పంతమూ పెద్దదే.

ఇక్కడ బస్తాలు మోసేవాళ్లంతా బీహార్ వాళ్లు. గదిలో ఆవనూనె వాసన, హిందీ ముచ్చట్లు. తెలుగులో పోట్లాడుదామన్నా ఎవరూ లేరు. సెలవునాడు అందరూ బజారుకు పోయినా లక్ష్మయ్య గేటు దాటడు. పిసినారి అనుకున్నారు.

సాయంత్రమైతే ప్రహరీగోడ దగ్గర స్టూలు వేసుకుని గొంతు చించుకునేవాడు. ఒక చరణం పాడి ఆగేవాడు. జవాబుకు పట్టేంతసేపు చూసి మళ్లీ మొదలుపెట్టేవాడు. మీ ఊరిదాకా వినపడాలా ఏమిటని వాళ్లు నవ్వేవారు.

మునీలాల్ ఒక్కడు ఆ జవాబు నేర్చుకున్నాడు. ‘కొడుకా’ అనడం రాక ‘కొడుక్కా’ అంటాడు. ఆ మాత్రానికే లక్ష్మయ్య కళ్లు తడిసేవి. ఇప్పుడు అతనూ ఛఠ్ పండుగకు ఇంటికి పోతున్నాడు. ఇక తిరిగి రాడట.

“ఇగ జవాబెవరు చెప్తరు?” అన్నాడు లక్ష్మయ్య.

మునీలాల్‌కు జాలేసింది. ఎన్నేళ్లు ఈ పంతం, నాతో స్టేషన్‌కు రా, నీ టికెట్ నేనే కొంటాను, పండుగకు నువ్వూ ఇంటికి పో అన్నాడు. లక్ష్మయ్య వద్దన్నాడు. కానీ ఆటో కదిలే ముందు వచ్చి పక్కన కూర్చున్నాడు.

దారంతా తువ్వాలు మొఖానికి చుట్టుకునే ఉన్నాడు. ఎండకు కాబోలు అనుకున్నాడు మునీలాల్. లోపల లక్ష్మయ్యది ఒకటే ఆలోచన. పాపయ్య పలకరిస్తాడా, మొఖం మీదే తలుపు వేస్తాడా? ఇన్నేళ్లూ అతన్ని ఆపింది పంతం కాదు, ఆ భయమే.

మునీలాల్ తన టికెట్ తీసుకున్నాడు. కౌంటర్ దగ్గరే ఆగి, నీకు ఏ ఊరికి తియ్యమంటావని అడిగాడు.

లక్ష్మయ్య మొఖం మీది తువ్వాలు తీసి, ఆ స్టేషన్ పేరు రాసి ఉన్న పసుప్పచ్చ బోర్డునే చూపించాడు: “మిర్యాలగూడ.”