క్యారియర్ లేని సైకిలు

“క్యారియర్ లేని సైకిలు మన గుమ్మం ఎక్కదు,” అని తేల్చి చెప్పేసింది టైలరు భార్య.

టైలరు చెయ్యి అప్పటికే ఆకుపచ్చ మౌంటెన్ బైకు హ్యాండిల్ మీద ఉంది. షాపులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆయన కళ్ళు దాన్ని వదల్లేదు. మొసలి వీపులాంటి టైర్లు. నొక్కితే దిగి, వదిలితే లేచే ముందు ఫోర్కు. ఎప్పుడో కుర్రతనంలో సైకిలు తొక్కిన మనిషి. మళ్ళీ ఇన్నాళ్ళకి, ఆదివారాలు ఊరి బయట మట్టి దారుల్లో సరదాగా తిరిగొద్దామని బుద్ధి పుట్టింది.

“ఇది మౌంటెన్ బైకే. దీనికి క్యారియర్ ఉండదు.”

“మరి నేనెక్కడ కూర్చోవాలి? మీ నెత్తి మీదా?”

టైలరు దిక్కుతోచనట్టు షాపావిడ వైపు చూశాడు. ఆవిడ మోచేతుల దాకా అంటిన గ్రీజు తుడుచుకుంటూ వచ్చింది. “క్యారియర్ కావాలంటే అటు పక్కన ఉన్నాయి వదినగారూ. ముందు బుట్ట కూడా ఉంటుంది, కూరగాయలు తెచ్చుకోవచ్చు.”

“కూరగాయల సైకిలు నాకొద్దు!” టైలరు చంటిపిల్లాడిలా హ్యాండిల్ని గుండెకి అదుముకున్నాడు.

“ఇరవై ఏళ్ళుగా మిషను తొక్కుతూనే ఉన్నారు. ఇంకా తీరలేదా మీ సరదా?”

“తొక్కానే గానీ అంగుళం కదిలానా? ఇప్పుడు కదిలేది తొక్కుతా!”

షాపావిడ ఫక్కున నవ్వింది. భార్యకీ నవ్వొచ్చింది గానీ, పెదవి బిగబట్టింది. “మీరు కదులుతారు, బాగానే ఉంది. సైకిలు రానిదాన్ని, నేను ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టుకోవాలి. అంతేగా?”

ఆ మాట టైలరుకి సూదిలా దిగింది. పగలంతా పక్కపక్క మిషన్ల మీద కూర్చునే మనుషులు వాళ్ళు. ఒకరు కత్తెర కోసం చెయ్యి చాపితే, అడక్కుండానే రెండోవాళ్ళు అందిస్తారు. ఆదివారం పూట ఆవిణ్ణి వదిలేసి ఒక్కడే పోవడమా? హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసేశాడు. రెండోది మాత్రం రానని మొరాయించింది.

“కొనడం సంగతి తర్వాత. ముందు తొక్కి చూడండి అన్నయ్యగారూ,” అంటూ షాపావిడ టేపు తీసి, సీటు ఎత్తు సరిచెయ్యడానికి ఆయన కాలు కొలవబోయింది.

టైలరు గభాల్న వెనక్కి జరిగాడు. “నాకే కొలతలా? కాలు లోపలి పొడవు ముప్పై అంగుళాలు. కావాలంటే రాసిస్తా!”

“నడుము మాత్రం అడక్కండి. నిజం చెప్పరు,” అంది భార్య.

షాపు వెనక ఖాళీ స్థలంలో, కొనేవాళ్ళు తొక్కి చూసుకోవడానికి ఒక మట్టి దిబ్బ పోయించారు. ఒక వైపు మెల్లగా ఎక్కొచ్చు. రెండో వైపు మిట్టలూ మలుపులతో బాట జారుడుగా దిగుతుంది. టైలరు అన్నింటికన్నా తేలిక గేరులో పెట్టి బయల్దేరాడు. కాళ్ళు కుట్టుమిషను కంటే జోరుగా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం నిద్రలో నడుస్తున్నట్టు కదులుతోంది. ఒగర్చుకుంటూ, మూలుగుతూ, ఎలాగైతేనేం, పైకి చేరాడు.

“ఎక్కేశా!” అని జబ్బలు చరుచుకుని, అవతలి వైపు కిందకి చూశాడు. అంతే. రెండు బ్రేకులూ పట్టుకుని బిగుసుకుపోయాడు.

“బరువు వెనక్కి వెయ్యండి! ముందు బ్రేకు గట్టిగా పట్టకండి!” షాపావిడ కింద నుంచి అరిచింది.

“పర్లేదు! నాకిక్కడే బాగుంది! గాలి బాగా వస్తోంది!”

భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. “రాత్రి భోజనం అక్కడికే పంపించమంటారా?”

“నవ్వకే! వచ్చి పట్టుకో!”

ఆవిడ నవ్వుతూనే దిబ్బెక్కింది. టైలరు ముందు ఒక కాలు దించాడు, కాసేపు ఆలోచించి రెండోది దించాడు. సైకిలు ఆవిడ చేతికిచ్చాడు. “నెమ్మదిగా నడిపించుకుంటూ తీసుకెళ్ళు. ఆ ఎడం చేతి బ్రేకు...”

మాట పూర్తి కాలేదు. ఆవిడ చున్నీ నడుముకి బిగించింది, ఒక్క ఉదుటున సైకిలెక్కింది, పెడళ్ళ మీద లేచి నిలబడి కిందకి వదిలేసింది. మొదటి మిట్ట దగ్గర రెండు చక్రాలూ గాల్లోకి లేచాయి. మలుపులో సైకిలు మట్టిని రాసుకుంటూ వాలింది. “హోయ్” అని ఒక కేక. చివరికి దుమ్ము లేపుతూ షాపావిడ కాళ్ళ ముందు అడ్డంగా తిరిగి ఆగింది.

షాపావిడ ఈల వేసింది. “వదినగారూ! ఎక్కడ నేర్చుకున్నారిదంతా?”

“చిన్నప్పుడే. మా వీధిలో మగపిల్లలు నాతో పందెమంటే పారిపోయేవాళ్ళు,” అంది ఆవిడ, మొహం మీద జుట్టు వెనక్కి తోసుకుంటూ. పదేళ్ళ పిల్లలా కళ్ళు మెరుస్తున్నాయి. “ఇక క్యారియర్ గొడవ వదిలెయ్యండి. ఇలాంటివి రెండు తీయండి. నాకు ఎర్రది.”

టైలరు సగం దూరం పరిగెత్తి, మిగతా సగం కూలబడి జారుతూ, సొంతంగా కుట్టుకున్న ప్యాంటు కుట్లు పటపటమంటున్నా లెక్కచేయకుండా కిందకొచ్చి పడ్డాడు.

“నీకు... నీకు సైకిలొచ్చా?”

“చూశారుగా!”

“మరి పెళ్ళికి ముందు నేను నీకు నేర్పలేదూ? ఆ ఎండాకాలమంతా! సీటు పట్టుకుని, చెమటలు కక్కుతూ, నీ వెనకాల పరిగెత్తి పరిగెత్తి, ఇక దీనికి ఈ జన్మలో రాదని వదిలేశాను కదే! వచ్చని ఒక్క మాట చెబితే ఏం పోయింది?”

“చెబితే మీరు నా వెనకాల పరిగెత్తేవారా?”