నాలుగో అడుగులో చలి

"ఇందుజా, మళ్లీ చదువమ్మా" అన్నారు రాజరత్నం గారు కళ్లజోడు తుడుచుకుంటూ.

"మొదటి అడుగులో డెబ్భై ఎనిమిది డిగ్రీలు సార్. రెండులో డెబ్భై నాలుగు, మూడులో డెబ్భై, నాలుగులో అరవై, అయిదులో మళ్లీ అరవై ఏడు."

పెదపాడు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు అది. డ్రయ్యర్ పక్కన స్టూలు మీదున్న రికార్డు పుస్తకం మీదికి పీహెచ్‌డీ విద్యార్థినీ, ఆవిడ గైడూ కలిసి వంగిపోయారు.

ఇందుజ పరిశోధన ఏమిటంటే, నిలువెత్తు తొట్టిలో కుదించి పోసిన ధాన్యం గుండా వేడిగాలి ఎలా పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం. నాలుగేళ్ల ఫెలోషిప్పు తినేసి, రెండు కళ్లజోళ్లు మార్చి తను కనిపెట్టిందల్లా కింద వదిలిన గాలి పైకి పోతుందని. ఇంకెవరూ అనకముందే ఆ మాట తనే అనేసేది.

పోనీ అక్కడితో ఆగిందా? పైకి పోయేకొద్దీ గాలి మెల్లగా చల్లబడాలి. ఇందుజ లెక్కలో మాత్రం కిందనుంచి నాలుగో అడుగు ఎత్తు దగ్గర వేడి దభీమని పడిపోయి, మళ్లీ లేచేది.

"అక్కడేమన్నా ఏసీ పెట్టావా తల్లీ?" అని అప్పట్లో డిపార్టుమెంటులో నలుగురిలో నవ్వారు రాజరత్నం గారు. "నిజం డ్రయ్యర్లో చూపించు, సంతకం పెడతాను. లేదంటే మళ్లీ మొదటినుంచి, ఇంకో ఏడాది."

ఇంకో ఏడాది అనేసరికి ఇందుజకి ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ఈ మిల్లు. రెండేళ్ల కిందట తొట్టి కొలతలకని వచ్చి, ఇరవయ్యేళ్లుగా డ్రయ్యర్ నడుపుతున్న ఎలిజబెత్ గారికి ధాన్యం ఎలా ఆరుతుందో అరగంట పాఠం చెప్పి పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"ఇవన్నీ గంటగంటకీ రాస్తారాండీ?" అడిగారు రాజరత్నం గారు.

"రాయకపోతే ఓనరు గారు ఊరుకోరండీ. నాకైతే గింజ కొరికితే తెలిసిపోద్దండీ" అంది ఎలిజబెత్.

ఆయన పేజీలు తిప్పారు. నెలల తరబడి అదే వరస, ఒకటీ అరా తేడా అంతే. ప్రతిరోజూ నాలుగో అడుగులో చలి!

"నాదే పొరపాటమ్మా. అనవసరంగా నిన్ను ఎగతాళి చేశాను" అంటూ పెన్ను తీసి, థీసిస్ మొదటి పేజీ మీద సంతకం పెట్టేశారు.

ఇందుజ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓరి దేవుడో, నా మొహానికి ఇదొకటి నిజమైందా అనుకుంది.

"ఎలిజబెత్ గారూ, ఆ థర్మామీటర్లు ఎక్కడ పెట్టారో ఓసారి చూపిస్తారా? ఫొటో తీసుకుంటాను."

ఎలిజబెత్ ఇందుజ వంక ఆప్యాయంగా చూసి నవ్వింది.

"అవి పాడై రెండేళ్లయిందండీ, అప్పుడు మేడమ్ గారిచ్చిన లెక్కల కాగితం చూసే రాస్తన్నానండీ."