కంది పూతప్పుడు వచ్చినామె

"ఎవరదీ, చేలో?"

రోశమ్మ గట్టు మీద ఆగిపోయింది.

కరోనా వచ్చిన ఏడాది, కార్తీక మాసం. పుల్లలచెరువు అవతల, అడవి అంచున నాలుగెకరాల కందిచేను. మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లటి మసకలో పసుపుపచ్చ పూత ఒక్కటే గాలిలో తేలుతున్నట్టుంది.

పూత మధ్య ఒకామె కళ్లు మూసుకుని నిలబడి ఉంది. లేత నీలం చీర, మూతికి మాస్కు. నిద్రలోనే నడిచొచ్చిన మనిషిలా ఉంది.

"తేనెటీగల చప్పుడు వింటున్నానమ్మా" అందామె.

"ఏ ఊరు మీది?"

"ఒంగోలు."

రోశమ్మ నాలుగడుగులు వెనక్కి వేసి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"ఆడే నిలబడు తల్లీ. సర్వేకి వచ్చినావా?"

ఆమె కళ్లు తెరిచి చేనంతా ఒకసారి చూసింది.

"చేను మీదేనా?"

"కౌలుకు చేస్తన్నాం. పన్నెండేళ్లాయె."

"రైతు భరోసా సాయం అందిందా?"

రోశమ్మకు ఒళ్లు మండింది.

"యాడొస్తాది? కౌలు కార్డుంటేనే ఇస్తారంట. కార్డుకు పొలం గలామె సంతకం కావాల. ఆమె ఎట్లుంటాదో కూడా మాకు తెలీదు. కౌలు వసూలుకు వచ్చే చెన్నకేశవులు మామనడిగితే, ఆమె పెట్టదు పో అంటాడు. లాక్‌డౌన్‌లో కొనేవాడు లేక పత్తి ఇంట్లోనే నల్లబడిపాయె. ఎట్లున్నారని ఒక్కరన్నా వచ్చినారా? మీరు రాసుకుంటారు, పోతారు. ఆమెకేం, నీడపట్టున కూసోని తింటాంది!"

ఆమె అంతా విన్నది.

"పూత బాగా పట్టింది" అంది మెల్లగా. తర్వాత, "కొంచెం నీళ్లిస్తారా?"

రోశమ్మ చేతిలోని సీసాను వెనక్కి దాచుకుంది.

"ఏమనుకోవాకు తల్లీ. ఇంట్లో పసిబిడ్డ ఉండాది."

"వద్దులెండి. బిడ్డ జాగ్రత్త."

ఆమె గట్టు వెంబడి నడిచిపోయింది. మంచులో ముందు పాదాలు, తర్వాత చీర అంచు, ఆఖరికి మనిషే కరిగిపోయింది.

మరుసటి ఏడు తొలకరికి రైతు భరోసా కేంద్రం నుంచి రోశమ్మకు కబురొచ్చింది.

అక్కడ పనిచేసే కిరణ్ నవ్వుతూ కార్డు చేతికిచ్చాడు.

"నీ కౌలు కార్డు, పెద్దమ్మా. ఇంక సాయం నీ ఖాతాలోనే పడతాది. సబ్సిడీ విత్తనాలు కూడా నీ పేరునే."

రోశమ్మ తన పేరును వేలితో తడిమింది. కల అనుకుంది.

"పొలమామె సంతకం పెట్టిందా?"

"పోయిన కార్తీకంలోనే స్వయంగా వచ్చి పెట్టి పోయినాది. స్వర్ణలతని, టీచరమ్మ."

"ఒక్కసారి ఫోన్ కలుపు నాయనా. దండం పెట్టుకుంటా."

కిరణ్ నవ్వు ఆగిపోయింది.

"మే నెలలో కరోనాతో పోయినాది పెద్దమ్మా."

బయట సన్నగా చినుకులు మొదలయ్యాయి. రోశమ్మ కార్డు తడవకుండా కొంగులో చుట్టుకుంది.

"నా మొగం కూడా చూడనామెకు నా పేరెట్ల తెలిసె నాయనా?"

"పేరు తెలీదనింది. 'ఈ పొద్దు కందిచేలో నన్ను నిలబెట్టి తిట్టినామె ఎవరో కనుక్కొని రాసుకోండి, ఆ పంట ఆమెది' అని చెప్పి పోయినాది."