కలవని సంతకం

"సంతకం కలవలేదమ్మా," అంటూ లైసెన్సుల గుమాస్తా దోన్ బౌదేలియో కాగితాన్ని కిటికీ కంతలోంచి వెనక్కి తోశాడు.

"మళ్ళీనా? నా చెయ్యే, నా పేరే, మీ కళ్ళ ముందే పెట్టాను కదయ్యా!"

"కార్డు మీద సంతకం తోక పైకి లేచింది. ఇక్కడ కిందికి వేలాడుతోంది. ఆఫీసంటే ఆటలు కాదు. మళ్ళీ పెట్టండి."

ఎపిఫానియా దారంతో కట్టేసిన పెన్నును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇది నాలుగోసారి. మార్కెట్లో నలభై రెండో నంబరు కొట్లో మోలే కూరకి వాడే మిరప మసాలా ముద్ద అమ్ముకుని బతికే మనిషి. కొట్టు లైసెన్సు గడువు ఇవాళ్టితో సరి. సంతకం కలవకపోతే రేపటి నుంచి ఆ కొట్టు ఆమెది కాదు.

అలాగని దోన్ బౌదేలియో మెత్తబడే రకం కాదు. సొంత తల్లి సంతకాన్నే రెండుసార్లు తిప్పి పంపిన మహానుభావుడని మార్కెట్టంతా చెప్పుకుంటారు.

అప్పుడే వరసలోంచి ఎర్ర కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ దర్జాగా ముందుకొచ్చింది.

"నలభై రెండో నంబరంటున్నారు, అది నా కొట్టు కదండీ. ఎపిఫానియా అంటే నేను," అంటూ ఓటరు కార్డు కిటికీలో పెట్టింది.

కార్డు మీద పేరు ఎపిఫానియాది. పుట్టినరోజు ఎపిఫానియాది. సంతకం ఎపిఫానియాది. ఫోటో మాత్రం ఎర్ర కళ్ళజోడుది.

ఎపిఫానియా ఆ కార్డు వంక, ఆవిడ మొహం వంక మార్చి మార్చి చూసింది. ఈలోగా వెనకే నిలబడ్డ జున్ను కొట్టు చాయో అందుకుంది.

"ఏయ్, ఎవరే నువ్వు? పెట్టుకోడానికి మా వదిన పేరు తప్ప ఇంకో పేరు దొరకలేదా?"

"మర్యాదగా మాట్లాడండి. అయ్యా, ఈవిడెవరో పాపం మతి తప్పినట్టుంది. నా పని తొందరగా తేల్చండి. ఆ కొట్టు మా తమ్ముడి పేరు మీదికి మార్పించాలి."

ఆ గొంతు వినగానే ఎపిఫానియా ఉలిక్కిపడింది. "ఆగాగు! ప్రెషర్ కుక్కర్ లాటరీ అంటూ ఇంటింటికీ తిరిగింది నువ్వే కదూ? నా కార్డు జిరాక్సు తీసుకుని, మూడు చోట్ల సంతకం పెట్టించుకున్నావు!"

"ఇచ్చావా?" చాయో తల పట్టుకుంది. "ఎన్నిసార్లు చెప్పాను వదినా! జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా గీత గీసి, ఎవరికి ఎందుకిస్తున్నావో రాసి ఇవ్వమన్నానా లేదా? పెళ్ళి శుభలేఖల్లా ఎవరికి పడితే వాళ్ళకి పంచిపెడతావేం?"

"ఐదు లీటర్ల కుక్కరన్నారే..."

"వచ్చిందా?"

"రాలేదు."

"వస్తుంది, వస్తుంది. కొట్టు పోయాక తీరిగ్గా అందులో నీళ్ళు కాచుకుందువు గాని."

వరస చివర ఎవరో కేకేశారు. "కానివ్వండి తల్లీ! ఇక్కడ అమ్మకానికి తెచ్చిన నా వేడి తమాలెలు చల్లారిపోతున్నాయి."

చాయో కిటికీలోకి తలదూర్చింది. "అయ్యా, అసలు ఎపిఫానియా ఈవిడే. నేను చెబుతున్నాను. కావాలంటే మార్కెట్ మొత్తాన్ని పిలుచుకొచ్చి చెప్పిస్తాను."

"కార్డులు రెండూ అసలువాటిలాగే ఉన్నాయి. మార్కెట్ చెబితే నాకేం లాభమమ్మా? ఫైలు చెప్పాలి."

ఫైలు వచ్చింది. అందులో ఫోటో తేమకు వెలిసిపోయి, ఒక చెవి మాత్రం మిగిలింది. సంతకం మాత్రం చెక్కు చెదరలేదు. దోన్ బౌదేలియో రెండు తెల్లకాగితాలు బయటికి తోశాడు.

"చెరో మూడు సంతకాలు పెట్టండి."

ఎర్ర కళ్ళజోడు ఒక్క ఊపులో మూడూ గీకి పారేసింది. తర్వాత ఎపిఫానియా పెన్ను అందుకుంది. మొదటిది గోడ ఎక్కుతున్నట్టు పైకి పోయింది. రెండోది గీత దిగి జారిపోయింది. మూడోదానికొచ్చేసరికి కంగారులో పేరు చివర సగం మింగేసింది.

దోన్ బౌదేలియో భూతద్దం తీశాడు. ఒకసారి ఇటు, ఒకసారి ఫైలు, ఒకసారి అటు. వరసలో వాళ్ళంతా మెడలు చాచి చూశారు.

"నావి అచ్చు గుద్దినట్టున్నాయి కదండీ?" ఎర్ర కళ్ళజోడు నవ్వింది.

"అచ్చు గుద్దినట్టే ఉన్నాయమ్మా. వెంట్రుకవాసి తేడా లేదు."

"మరి ఆవిడవో?"

"మూడింటిలో ఒకదానికొకటి చుట్టం కూడా కాదు."

ఎపిఫానియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్టు పోతోందన్న భయం ఒక ఎత్తు, సొంత పేరు రాయడం చేతకాక పోతోందన్న సిగ్గు ఒక ఎత్తు. చాయో గట్టిగా ఆమె భుజం పట్టుకుంది.

దోన్ బౌదేలియో లైసెన్సు మీద ధబీమని ముద్ర కొట్టాడు. ఎర్ర కళ్ళజోడు చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని పక్కకి నెట్టి, కాగితాన్ని ఎపిఫానియా చేతిలో పెట్టాడు. తర్వాత గుమ్మం దగ్గర కాపలావాడికి కేకేశాడు.

"ఆ తలుపు మూసి పోలీసుల్ని పిలువు!"

"ఇదెక్కడి అన్యాయం? కలిసింది నా సంతకం కదా!" అని అరిచింది ఎర్ర కళ్ళజోడు.

"అందుకేనమ్మా దొరికిపోయావు," అన్నాడు దోన్ బౌదేలియో. "ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ కిటికీలో కూర్చున్నాను. అసలు మనిషి సంతకం కలవడం ఇంతవరకు ఒక్కసారి కూడా చూళ్ళేదు."