నీలం కప్పు

పెద్దావిడ బల్ల మీదికి వంగి, తన ముందున్న కప్పును వేలితో తాకింది.

“కప్పు... నీలంగా... ఉంది” అంది.

బెరివాన్ ముఖం వెలిగిపోయింది. ఫిన్లాండులోని కయాని ఊరి గ్రంథాలయంలో వారం వారం జరిగే ఫిన్నిష్ తరగతికి ఆమె రావడం అదే మొదలు. కొత్తగా వలస వచ్చినవాళ్ళకు భాష నేర్పడానికి ఊళ్ళో పెద్దవాళ్ళు ఉచితంగా వచ్చి కూర్చుంటారని విన్నది. అడగకుండానే తనకో టీచరు దొరికింది!

“కప్పు నీలంగా ఉంది” అని గబగబా అప్పజెప్పింది.

ఆవిడ పేరు ఐలి. అంతకు మించి తన సంగతి ఏమీ చెప్పలేదు.

కాఫీ వేడిగా ఉంది. కిటికీ పెద్దది. మంచు తెల్లగా ఉంది. వారాలు గడిచినా పాఠం ఆ గీత దాటలేదు.

“మాటలకి కూడా ఇంత పిసినారితనమా అన్నయ్యా?” అని ఇంట్లో వాపోయింది బెరివాన్.

“ఇక్కడివాళ్ళంతేలే చెల్లీ! నోరు తెరిస్తే చలి లోపలికి దూరుతుందని భయం” అని నవ్వాడు రెబిన్.

నిజమే అనుకుంది. బస్టాపులో పక్కపక్కనే నిలబడి కూడా పలకరించుకోని మనుషులు. ఐలి మాత్రం వేరుగా ఎందుకుంటుంది?

ఇంతలో నర్సు చదువుకు ఇంటర్వ్యూ వచ్చింది. బెరివాన్ బతుకంతా దాని మీదే ఉంది.

“నాకు సాయం చేస్తారా?” అని తరగతిలో ఐలిని అడిగింది.

ఐలి ఆమె చెయ్యి పట్టుకుని, గట్టిగా తల ఊపింది.

ఇంటర్వ్యూలో అడిగారు: “రోగి మందు వద్దని మొండికేస్తే ఏం చేస్తావు?”

బెరివాన్ దగ్గర ఉన్నవి కప్పులు, కిటికీలు, మంచు.

సీటు రాలేదు.

ఆ వారం ఆమె కోటు కూడా విప్పకుండా ఐలి ముందు నిలబడింది. తిట్టడానికీ ఆవిడ నేర్పిన పొట్టి మాటలే దొరికాయి.

“మీ మాట అబద్ధం. మీ మనసు చిన్నది. మీరు చెడ్డవారు.”

ఐలి వేలు మెల్లగా కప్పు వైపు కదిలింది.

“చాలు!” అని బెరివాన్ వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చినప్పుడు ఐలి కుర్చీ ఖాళీగా ఉంది. తర్వాతి వారమూ అంతే.

“ఆ టీచరు రాదా?” అని తరగతి నడిపే సొయిలెను అడిగింది. కోపం ఇంకా చల్లారలేదు.

“ఏ టీచరు?”

“ఐలి.”

సొయిలె కాఫీ జగ్గు కింద పెట్టింది.

“ఐలి టీచరేమిటి? పక్షవాతం వచ్చి ఆవిడకి మాట మొత్తం పోయింది. నీలాగే నేర్చుకోవడానికి చేరింది. ఇప్పుడు మళ్ళీ నోరు మెదపడం లేదని కూతురు తీసుకెళ్ళిపోయింది.”

బెరివాన్ ఐలి ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

సొయిలె ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. “కప్పు నీలంగా ఉందని నీతో అంది చూడు... జబ్బు చేశాక ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదే.”